సైక్లోమెటలేషన్ సరిగ్గా చేయడం ఎలా: లిగాండ్ ఎంపిక నుంచి ఎన్‌ఎమ్‌ఆర్ దాకా

“అన్నా, రాత్రి పెట్టిన. పొద్దుగాల వచ్చి చూస్తే ఫ్లాస్కు మొత్తం నల్లగైంది.”

ఈ ఫోను నాకు ఏడాదికి నాలుగైదుసార్లు వస్తుంది. నల్లగొండలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసే పిల్లలు, పాలమూరులో పీహెచ్‌డీ మొదలుపెట్టినవాళ్లు, చౌటుప్పల్, జడ్చర్ల వైపు కంపెనీల ఆర్ అండ్ డీలో కొత్తగా చేరినవాళ్లు. అందరి గోడూ ఒకటే. పేపర్లో ప్రొసీజర్ మూడు వాక్యాల్లో ఉంది, అచ్చం అలాగే చేశాం, రాలేదు, ఎందుకు?

ఆ మూడు వాక్యాల మధ్య రాయకుండా వదిలేసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. సైక్లోమెటలేషన్ అంటే లోహం ఒక లిగాండ్‌ను, అంటే తనకు అతుక్కునే అణువును, రెండు చోట్ల పట్టుకుని వలయం కట్టడం. రెండు రియాక్షన్లు మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. ఒకటి పల్లాడియంతో, వేడి చేయకుండానే అయ్యేది. రెండోది ఇరిడియంతో, రోజంతా మరిగించాల్సింది. మొదటిది చేతికి వచ్చేదాకా రెండోదాని జోలికి పోవద్దు. ఇరిడియం ఖరీదు మీకు తెలిసిందే.

1. ముందు బుర్రలో జరగాల్సిన రియాక్షన్

బర్రెను గుంజకు కడితే తాడు పొడవు ఎంతుంటే అంతమేరే మేస్తుంది. సైక్లోమెటలేషన్ కూడా అంతే. లిగాండ్‌లోని నైట్రోజన్ గుంజ, లోహం బర్రె, నైట్రోజన్‌కూ తెగాల్సిన సి–హెచ్ బంధానికీ మధ్య ఉన్న కార్బన్ గొలుసు తాడు. లోహం ముందు నైట్రోజన్‌కు కట్టుబడుతుంది. ఆ తర్వాతే తాడు అందిన చోట ఉన్న సి–హెచ్ బంధాన్ని తెంపి, ఆ కార్బన్‌ను పట్టుకుంటుంది. ఊడిన హైడ్రోజన్‌ను బేస్ ఎత్తుకుపోతుంది. మిగిలేది లోహం కూడా ఒక సభ్యుడిగా ఉన్న వలయం.

ఈ వరస గుర్తుంటే సగం పని అయినట్టే. కట్టడం ముందు, తెంపడం తర్వాత. రియాక్షన్ చెడిపోయిందని చెప్పే ప్రతివాణ్నీ నేను మొదట అడిగేది, ఈ రెండు దశల్లో ఎక్కడ ఆగిందని.

తాడు పొడవు ఎంతుండాలి? వేళ్ల మీద లెక్కపెట్టండి. డైమిథైల్ బెంజైల్ అమీన్ తీసుకుంటే: పల్లాడియం ఒకటి, నైట్రోజన్ రెండు, సీహెచ్2 మూడు, రింగుకు అతుక్కున్న కార్బన్ నాలుగు, దాని పక్కనున్న ఆర్థో కార్బన్ అయిదు. అయిదు సభ్యుల వలయం. లోహానికి ఇదే అన్నిటికన్నా ఇష్టం. 2-ఫినైల్ పిరిడిన్‌లోనూ లెక్కపెడితే అయిదే వస్తుంది.

డైమిథైల్ అనిలిన్‌లో నైట్రోజన్ నేరుగా రింగుకే ఉంది. లెక్కపెడితే నాలుగు. తాడు మరీ పొట్టిదైంది, అవదు. డైమిథైల్ ఫినైల్ ఇథైల్ అమీన్‌లో ఆరు. అవుతుంది గానీ నెమ్మది, అంత స్థిరం కాదు. అసిటనిలైడ్‌లో ఆక్సిజన్ గుంజగా మారి ఆరు సభ్యుల వలయం వస్తుంది, అది బాగానే పనిచేస్తుంది. కాబట్టి ఆరు అనగానే వదిలేయకండి. అయిదు ఉంటే మాత్రం ఆరు వైపు చూడొద్దు.

తెంపే కార్బన్ ఎప్పుడూ బెంజీన్ రింగులోదే కానక్కర్లేదు. 8-మిథైల్ క్వినోలిన్‌లో మిథైల్ సి–హెచ్ తెగుతుంది. ట్రై-ఆర్థో-టోలిల్ ఫాస్ఫీన్‌ను పల్లాడియం అసిటేట్‌తో కలిపితే తెగేదీ మిథైల్ బంధమే. రెండింట్లోనూ లెక్క అయిదే.

తెగే తీరు లోహాన్ని బట్టి మారుతుంది. పల్లాడియం(2)తో, అంటే +2 స్థితిలో ఉన్న పల్లాడియంతో, పనిచేసేవాళ్లు అసిటేట్ పాత్రను బాగా పట్టుకోవాలి. అసిటేట్‌లోని ఒక ఆక్సిజన్ లోహాన్ని పట్టుకొని ఉంటుంది, రెండో ఆక్సిజన్ చేయి చాపి హైడ్రోజన్‌ను లాగుతుంది. అదే క్షణంలో కార్బన్ లోహం వైపు వాలుతుంది. లోహం, ఆక్సిజన్, కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజన్, కార్బన్: మధ్యస్థితిలో ఈ ఆరూ ఒక వలయంలా ఉంటాయి. క్లోరైడ్ లవణంతో కదలని రియాక్షన్ చిటికెడు సోడియం అసిటేట్ వేయగానే కదలడానికి కారణం ఇదే.

రోడియం(1), ఇరిడియం(1) లాంటి ఎలక్ట్రాన్లు పుష్కలంగా ఉన్న లోహాలు సి–హెచ్ బంధంలోకి తామే చొరబడతాయి. ఆక్సిడేటివ్ అడిషన్ అది. జిర్కోనియం లాంటి, ఆవర్తన పట్టికలో ఎడమవైపు ఉండే పరివర్తన లోహాలది ఇంకో దారి, సిగ్మా బంధాల మార్పిడి. ఈ వ్యాసంలో వాటితో పని లేదు.

2. లిగాండ్: ఏది కుదురుతుంది, ఏది సతాయిస్తుంది

గుంజ మరీ వదులుగా ఉంటే బర్రె తెంచుకుపోతుంది. మరీ బిగిస్తే కదలదు. ఇక్కడ పొరపాటు చేసేవాళ్లే ఎక్కువ.

ప్రైమరీ అమీన్, అంటే మామూలు బెంజైల్ అమీన్, పల్లాడియానికి గట్టిగా అతుక్కుంటుంది. ఒక్కటి కాదు, రెండు వచ్చి రెండు పక్కలా కూర్చుంటాయి. రెండు క్లోరైడ్లు, రెండు అమీన్లు ఉన్న ఆ పసుపు పదార్థం హాయిగా అవక్షేపమై, సి–హెచ్ దాకా పోకుండా అక్కడే ఆగిపోతుంది. ఎన్నో ఫోన్లలో “డైమర్ వచ్చిందన్నా” అని చెప్పింది నిజానికి ఇదే. డైమర్ అంటే మనకు కావాల్సిన సరుకు: సైక్లోమెటలేట్ అయిన రెండు లోహాలు క్లోరైడ్ వంతెనలతో జతకట్టినది.

టెర్షియరీ అమీన్‌లో నైట్రోజన్ మీద రెండు మిథైళ్లు అడ్డంగా ఉంటాయి. అతుక్కుంటుంది, అవసరమైతే కాస్త జరుగుతుంది కూడా. అందుకే మొదటిసారి చేసేవాళ్లకు డైమిథైల్ బెంజైల్ అమీన్‌నే సూచిస్తాను. చేపల వాసన కొడుతుంది, హుడ్ దాటి బయటికి తేవద్దు.

సొంత లిగాండ్‌తో చేయాలనుకుంటే ముందు ఈ నాలుగు చూసుకోండి:

– లెక్కపెడితే అయిదు సభ్యుల వలయం వస్తుందా?
– అందుబాటులో ఉన్న ఆర్థో స్థానాలు రెండూ ఒకేలా ఉన్నాయా, లేక మెటా స్థానంలో ఏదైనా ఉండి రెండు ఐసోమర్లకు దారి ఉందా? మామూలుగా ఇరుకు లేని వైపే తెగుతుంది, అయినా రెండో ఐసోమర్ కొంత రావచ్చు.
– రింగు మీద నైట్రో లాంటి ఎలక్ట్రాన్లు లాగే గుంపు ఉందా? ఉంటే పల్లాడియం(2)తో నెమ్మదిస్తుంది.
– సాల్ట్ రూపంలో కొన్నారా? అమీన్ హైడ్రోక్లోరైడ్‌లో నైట్రోజన్ ఎలక్ట్రాన్ జంట ఖాళీగా ఉండదు. గుంజే లేకపోతే కట్టేదెక్కడ? ముందు ఫ్రీ బేస్ చేసుకోండి.

3. లోహ లవణం, గాజు సామాను, మన ఎండ

పల్లాడియం క్లోరైడ్ మెథనాల్‌లో దానంతట అది కరగదు. రెండు రెట్లు సోడియం క్లోరైడ్ లేదా లిథియం క్లోరైడ్ కలిపితే టెట్రాక్లోరోపల్లడేట్‌గా మారి కరుగుతుంది. పుస్తకాల్లో లిథియం క్లోరైడే ఎక్కువ కనిపిస్తుంది. నేను సోడియందే వాడతాను. లిథియం క్లోరైడ్ వానాకాలంలో సీసా మూత తీసిన క్షణం నుంచి చెమర్చడం మొదలుపెడుతుంది, తూకంలో సగం నీళ్లే ఉంటాయి. సోడియం క్లోరైడ్ అన్నాను కదా అని వంటింటి ఉప్పు వేయకండి, అందులో అయోడిన్ కలుపుతారు. ల్యాబు సీసాలోదే వాడండి.

పల్లాడియం అసిటేట్ వాడేవాళ్లు కొత్త సీసా తెరవగానే ఒక చిటికెడు డైక్లోరోమీథేన్‌లో కరిగించి చూడాలి. నారింజ-గోధుమ రంగులో నిర్మలంగా కరగాలి. అడుగున కరగని మడ్డి మిగిలితే అందులో పాలిమర్ రూపం ఉన్నట్టు. నైట్రైట్ కలిసిన రూపం ఉన్నా కరిగిపోతుంది, అది ఎన్‌ఎమ్‌ఆర్‌లో అదనపు అసిటేట్ శిఖరాలుగానే బయటపడుతుంది. (ఎన్‌ఎమ్‌ఆర్ అంటే అణువులో హైడ్రోజన్ లాంటివి ఎన్ని, ఎలాంటి చోట్ల ఉన్నాయో శిఖరాలుగా చూపే పరీక్ష.)

ఇక నీళ్లు. నల్లగొండ బోరు నీళ్లంటే ఫ్లోరైడ్ అందరికీ తెలుసు, కాని ల్యాబులో మనల్ని ఇబ్బంది పెట్టేది సున్నం. కడిగి ఆరబెట్టిన ఫ్లాస్కును వెలుతురుకు పెట్టి చూడండి, తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. రెండు వందల మిల్లీగ్రాముల పదార్థం తీసేచోట ఆ సున్నం కూడా తూకంలోకి వస్తుంది. చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో, ఆ తర్వాత అసిటోన్, ఆ తర్వాత ఓవెన్.

స్టిర్ బార్ కొత్తదై ఉండాలి. ఇంతకుముందు ఎవరో పల్లాడియం రియాక్షన్‌లో వాడిన బార్ గీతల్లో నల్లటి లోహం దాగి ఉంటుంది. అదే విత్తనమై మీ ఫ్లాస్కును కూడా నల్లబరుస్తుంది. ఇరవై రూపాయలు ఆదా చేద్దామని పోయి వేల రూపాయల లవణం పోగొట్టుకున్నవాణ్ని నేనే.

ఎండ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పేపర్లో గది ఉష్ణోగ్రత అని రాసి ఉంటుంది. ఎవరి గది? వాళ్లది 20, 25 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని మన గదిలో మధ్యాహ్నం 40. మెథనాల్, బేస్, పల్లాడియం(2) మూడూ ఒకచోట ఉన్నప్పుడు ఆ 15 డిగ్రీల తేడా చాలు, మెథనాల్ తాను ఆక్సీకరణం చెంది పల్లాడియాన్ని లోహంగా దించేస్తుంది. నల్లగొండోళ్లం కదా అని ఫ్లాస్కు కూడా నల్లగా ఉండక్కర్లేదు. వేసవిలో ఫ్లాస్కును 20–25 డిగ్రీల నీళ్ల గిన్నెలో కూర్చోబెట్టి, థర్మామీటరు ఆ నీళ్లలోనే ఉంచండి.

డైఇథైల్ ఈథర్ 35 డిగ్రీల లోపే మరుగుతుంది, డైక్లోరోమీథేన్ 40 దగ్గర. వేసవి మధ్యాహ్నం ఆ సీసాల మూతలు ఉన్నపళంగా తిప్పొద్దు. ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, సాల్వెంట్లకు వాడే నిప్పురవ్వ పుట్టని ఫ్రిజ్ అయితేనే.

4. పల్లాడియం డైమర్: అడుగడుగునా

తూకాలు ఒక మిల్లీమోల్‌కు ఇస్తున్నాను.

– పల్లాడియం క్లోరైడ్: 177 మి.గ్రా.
– సోడియం క్లోరైడ్: 117 మి.గ్రా., అంటే 2 మిల్లీమోళ్లు
– డైమిథైల్ బెంజైల్ అమీన్: 142 మి.గ్రా., సుమారు 0.16 మి.లీ.
– ట్రైఇథైల్ అమీన్: 111 మి.గ్రా., సుమారు 0.15 మి.లీ.
– మెథనాల్: 10 మి.లీ.

మొదటి అడుగు: పల్లాడియం క్లోరైడ్, ఉప్పు, మెథనాల్ ఫ్లాస్కులో వేసి 50 డిగ్రీల దాకా వెచ్చబెట్టి కలపండి. గోధుమ పొడి మాయమై ద్రావణం చిక్కటి కాఫీ డికాషన్‌కు ఎర్ర డాలు కలిపినట్టు అవుతుంది. గంట పట్టొచ్చు. ఇక్కడ తొందరపడితే కరగని పల్లాడియం క్లోరైడ్ చివరిదాకా మీ వెంటే వస్తుంది.

రెండో అడుగు: చల్లారనిచ్చి, సెలైట్ (వడపోతకు వాడే మెత్తటి పొడి) మీద వడపోయండి. అడుగున ఏమీ కనిపించకపోయినా సరే, వడపోయండి.

మూడో అడుగు: లిగాండ్‌ను ఒక మి.లీ. మెథనాల్‌లో కలిపి చుక్కచుక్కగా వేయండి. ఎర్రదనం తగ్గి పసుపు వైపు తిరుగుతుంది. పదిహేను నిమిషాలు ఆగండి. లోహం నైట్రోజన్‌కు కట్టుబడే సమయం ఇది.

నాలుగో అడుగు: ఇప్పుడు బేస్. ట్రైఇథైల్ అమీన్‌ను కూడా మెథనాల్‌లో పలుచన చేసి, పది నిమిషాల పాటు నెమ్మదిగా. ఈ రెండు అడుగులూ తారుమారైతే, అంటే బేస్ ముందు పడితే, ఇంకా ఎక్కడా కట్టుబడని పల్లాడియం నేరుగా నల్లబడే దారి పడుతుంది. “రెండూ ఒకేసారి వేశానన్నా, ఏమైతది?” అని అడిగినవాళ్లున్నారు. అయింది కాబట్టే ఫోన్ చేశారు.

అయిదో అడుగు: నీళ్ల గిన్నెలో ఉంచి నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా కలపండి. శనగపిండి రంగులో పొడి దిగుతుంది. కొంచెం బూడిద డాలు కనిపిస్తే కంగారు పడొద్దు, వచ్చే అడుగులో పోతుంది.

ఆరో అడుగు: సింటర్డ్ గరాటు మీద వడపోసి, చల్లటి మెథనాల్‌తో రెండుసార్లు, నీళ్లతో ఒకసారి, మళ్లీ మెథనాల్‌తో ఒకసారి కడగండి. నీళ్లు ఉప్పు కోసం. దాన్ని వదిలేస్తే తూకం వంద శాతం దాటుతుంది, సంతోషపడతారు, అది ఉప్పు తూకం.

ఏడో అడుగు: ఆ పొడిని డైక్లోరోమీథేన్‌లో కరిగించి సెలైట్ మీద మళ్లీ వడపోయండి. నల్లటిదంతా సెలైట్ మీద గీతలా ఆగిపోతుంది, కింద నిర్మలమైన పసుపు ద్రావణం దిగుతుంది. సగానికి ఆవిరి చేసి, హెక్సేన్ పోస్తే శుద్ధమైన డైమర్ పడుతుంది. వాక్యూమ్‌లో ఆరబెట్టండి.

పూర్తిగా వస్తే 276 మి.గ్రా. రావాలి. 220 దాటితే మొదటిసారికి నేను శభాష్ అంటాను.

5. వచ్చింది అదేనా?

రంగు చూసి నమ్మొద్దు. సైక్లోమెటలేషన్ జరగని అమీన్ కాంప్లెక్సు కూడా పసుపే. సాక్ష్యం ఎన్‌ఎమ్‌ఆర్‌లోనే ఉంటుంది, అక్కడ చూడాల్సింది ఒక హైడ్రోజన్ తగ్గిందా లేదా అని.

లిగాండ్ ఒక్కదానికి డ్యుటెరో క్లోరోఫామ్‌లో మిథైళ్లు 2.2 పీపీఎమ్ (శిఖరం చోటు చెప్పే కొలత) దగ్గర, సీహెచ్2 3.4 దగ్గర, రింగు మీద అయిదు హైడ్రోజన్లు 7.2–7.4 మధ్య వస్తాయి. డైమర్‌లో మిథైళ్లు 2.85 చుట్టూ, సీహెచ్2 3.9 చుట్టూ జరుగుతాయి. రింగు హైడ్రోజన్లు 6.8–7.2 మధ్య విడివిడిగా పరుచుకుంటాయి. వాటి ఇంటిగ్రేషన్, అంటే శిఖరాల వైశాల్యం చెప్పే హైడ్రోజన్ల లెక్క, నాలుగు రావాలి. మిథైళ్లను ఆరు అని పెట్టి లెక్కేయండి. అయిదు వస్తే లోహం కట్టుబడింది గానీ తెంపలేదు.

మిథైల్ శిఖరం ఒకటి బదులు రెండు కనిపించగానే చాలామంది కాలమ్ వేయడానికి పరుగెడతారు. ఆగండి. క్లోరైడ్ వంతెనకు అటూ ఇటూ ఉన్న రెండు లిగాండ్లు ఒకే వైపు చూడొచ్చు, ఎదురెదురు వైపులా చూడొచ్చు. ఈ రెండు ఐసోమర్ల వల్లే శిఖరాలు జంటలవుతాయి. అనుమానం తీర్చుకోవాలంటే ట్యూబులో ఒక చుక్క డ్యుటెరో పిరిడిన్ వేయండి. వంతెన విడిపోయి మోనోమర్ అవుతుంది, జంటలు ఒక్కటవుతాయి. అప్పటికీ ఒక్కటి కాకపోతే నిజంగానే మలినం ఉంది.

ట్రైఫినైల్ ఫాస్ఫీన్‌తో విడగొడితే ఇంకా గట్టి సాక్ష్యం. ఫాస్ఫరస్ ఎన్‌ఎమ్‌ఆర్‌లో 42 చుట్టుపక్కల ఒకే శిఖరం రావాలి. విడి ఫాస్ఫీన్ అయితే మైనస్ 5 దగ్గర, ఆక్సైడ్ అయితే 29 దగ్గర ఉంటుంది. ఫాస్ఫీన్ రింగుల నీడ పడి లోహం పక్క ఆర్థో హైడ్రోజన్ 6.4 దాకా కిందికి జారుతుంది. ఆ చిన్న శిఖరం కనిపించిందంటే ఇక వాదన లేదు.

సీహెచ్ఎన్ (కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ శాతాలు కొలిచే పరీక్ష) పంపేవాళ్లకు: కార్బన్ 39.2, హైడ్రోజన్ 4.4, నైట్రోజన్ 5.1 శాతం రావాలి. కార్బన్ ఒకటి రెండు శాతం తక్కువొస్తే ముందు ఉప్పును, సున్నాన్ని అనుమానించండి.

అసిటేట్ వంతెన ఉన్న డైమర్ చేసినవాళ్లకు ఒక మాట. అది తెరిచిన పుస్తకంలా మడిచి ఉంటుంది. లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి కాబట్టి సీహెచ్2లోని రెండు హైడ్రోజన్లు వేరువేరు డబ్లెట్లుగా, రెండు మిథైళ్లు వేరువేరు సింగ్లెట్లుగా వస్తాయి. అది మలినం కాదు, దాని ఆకారమే అంత.

6. ఇరిడియం డైమర్: రోజంతా మరిగించేది

ఇది 2-ఫినైల్ పిరిడిన్‌తో చేసేది. ఓఎల్ఈడీ తెరల్లో పచ్చగా వెలిగే ఇరిడియం కాంప్లెక్సులకు ఇదే తొలిమెట్టు. ఇక్కడ ఒక్కో ఇరిడియం మీద రెండు లిగాండ్లు సైక్లోమెటలేట్ అవుతాయి, అలాంటి రెండు ఇరిడియంలను రెండు క్లోరైడ్లు కలుపుతాయి.

– ఇరిడియం క్లోరైడ్ ట్రైహైడ్రేట్: 176 మి.గ్రా., అర మిల్లీమోల్
– 2-ఫినైల్ పిరిడిన్: 194 మి.గ్రా., రెండున్నర రెట్లు
– 2-ఇథాక్సీ ఇథనాల్: 12 మి.లీ.
– డిస్టిల్డ్ వాటర్: 4 మి.లీ.

సీసా మీద ఎన్ని నీటి అణువులు రాసి ఉందో చదవకుండా తూకం వేయొద్దు. హైడ్రేట్ లెక్క మారితే మోళ్లు మారతాయి. సందేహం ఉంటే సీసా మీద ఇచ్చిన ఇరిడియం శాతంతో లెక్క కట్టండి.

2-ఇథాక్సీ ఇథనాల్ వాసన తియ్యగా, అమాయకంగా ఉంటుంది. పునరుత్పత్తి వ్యవస్థకు హాని చేసేది, చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. గ్లవ్స్, హుడ్ తప్పనిసరి. గర్భంతో ఉన్నవాళ్లు ఈ రియాక్షన్ దగ్గరికి రానే వద్దు.

చేసే పద్ధతి తేలికే. ద్రవాల్లోకి ఇరవై నిమిషాలు నైట్రోజన్ బుడగలు పంపండి. లవణం, లిగాండ్ వేసి, నైట్రోజన్ కింద 24 గంటలు మరిగించండి. ముదురు రంగు క్రమంగా తేలి పసుపు పొడి గోడలకు పడుతుంది. చల్లార్చి, 15 మి.లీ. నీళ్లు పోసి, వడపోసి, నీళ్లు, ఇథనాల్, హెక్సేన్ వరసలో కడగండి. పూర్తిగా వస్తే 268 మి.గ్రా.

తేలికే అన్నాను గానీ ఆ 24 గంటలే అసలు పరీక్ష.

నేను చదువుకునే రోజుల్లో ఒక రాత్రి ఇదే రియాక్షన్ పెట్టి హాస్టల్‌కు పోయాను. రాత్రి ఎప్పుడో కరెంటు పోయి, గంటకు వచ్చింది. ఫ్లాస్కును వేడిచేసే మాంటిల్ దానంతట అది మళ్లీ వేడెక్కడం మొదలుపెట్టింది. కండెన్సర్‌కు నీళ్లిచ్చే మోటారు మాత్రం స్టార్టర్ నొక్కితే గానీ తిరగదు. పొద్దున పోయేసరికి ఫ్లాస్కు అడుగున గోధుమ పెంకు, హుడ్ నిండా ఆ తియ్యటి వాసన. అగ్గి అంటుకోలేదు, అది నా అదృష్టం. అప్పటి నుంచి మరిగించే ముందు ఇవి చూడందే స్విచ్ వేయను:

– మాంటిల్‌కు కరెంటు పోయి వస్తే ఆఫ్‌లోనే ఉండిపోయే రిలే ఉందా?
– కండెన్సర్ నీళ్లు మోటారు మీద ఆధారపడ్డాయా, ఓవర్‌హెడ్ ట్యాంకు మీదనా?
– పైపుల మొదట్లో క్లిప్పులు బిగించి ఉన్నాయా?
– కండెన్సర్ లోపల సున్నం పట్టి నీటిదారి సన్నబడిందా?
– రాత్రి ఒకసారైనా చూసే మనిషి ఉన్నాడా? లేకపోతే పొద్దున ఏడుకు మొదలుపెట్టి సాయంత్రం ఆపండి, మర్నాడు మళ్లీ మరిగించండి. రెండు పగళ్లకు విడగొట్టినా డైమర్ వస్తుంది.

ఈ డైమర్ ఎన్‌ఎమ్‌ఆర్‌లో రెండు చివర్లే చూస్తే చాలు. పిరిడిన్ నైట్రోజన్ పక్క హైడ్రోజన్ 9.25 దగ్గర డబ్లెట్, ఇరిడియానికి అతుక్కున్న కార్బన్ పక్క హైడ్రోజన్ 5.9 దగ్గర డబ్లెట్. రెండూ సమానంగా ఉండాలి. డీఎమ్‌ఎస్‌ఓలో మాత్రం తీయకండి. అది వంతెన విడగొట్టి తాను కూర్చుంటుంది, శిఖరాలు రెట్టింపవుతాయి, మీరు మళ్లీ నాకు ఫోన్ చేస్తారు.

ఈ డైమర్‌ను అసిటైల్ అసిటోన్, సోడియం కార్బొనేట్‌తో కలిపి వేడి చేస్తే చక్కగా వెలిగే మోనోమర్ వస్తుంది. దాన్ని డైక్లోరోమీథేన్‌లో కరిగించి యూవీ టార్చి కింద పెట్టండి, పచ్చగా మెరుస్తుంది. అయిదు నిమిషాలు నైట్రోజన్ పంపి మళ్లీ చూడండి, వెలుగు రెట్టిస్తుంది. గాలిలోని ఆక్సిజన్ ఆ వెలుగును అణిచేస్తూ ఉంటుంది కాబట్టి. ఈ ఒక్కటి చూపిస్తే ఆర్గానోమెటాలిక్ అంటే మొహం చిట్లించే జూనియర్లు కూడా బెంచీ దగ్గరికి వచ్చి నిలబడతారు.

7. చెడిపోతే ఏం చేయాలి

ఫ్లాస్కు నల్లబడింది. ఎంత నల్లబడిందో చూడండి. పైన పసుపు ద్రావణం ఇంకా ఉంటే సెలైట్ మీద వడపోసి కొనసాగించండి, దిగుబడి తగ్గుతుంది, అంతే. ద్రావణం నీళ్లలా తేలిపోయి అడుగున నల్లపొడి ఉంటే ఆ బ్యాచ్ అయిపోయింది. వేడి, బేస్ మోతాదు, స్టిర్ బార్, ఈ వరసలో కారణం వెతకండి.

హైడ్రోజన్లు అయిదే ఉన్నాయి. కట్టింది, తెంపలేదు. అదే పదార్థాన్ని మెథనాల్‌లో మళ్లీ తీసుకుని, సోడియం అసిటేట్ ఒకటిన్నర మిల్లీమోల్ వేసి రాత్రంతా కలపండి. చాలాసార్లు అదే దారికొస్తుంది. ప్రైమరీ అమీన్ అయితే లిగాండ్, లోహం ఒకటికి ఒకటి మాత్రమే ఉండేలా తూచి, పల్లాడియం అసిటేట్‌తో చేయండి. లిగాండ్ పావు వంతు ఎక్కువైనా రెండో అమీన్ వచ్చి కూర్చుంటుంది.

అసిటేట్, క్లోరైడ్ డైమర్లు కలిసిపోయాయి. 2.1 దగ్గర ఒక మిథైల్ మిగిలి ఉంటుంది. అసిటోన్‌లో తీసుకుని సోడియం క్లోరైడ్ లేదా లిథియం క్లోరైడ్ అయిదారు రెట్లు వేసి గంట కలపండి, వంతెనలన్నీ క్లోరైడ్ అవుతాయి.

డైమర్ దేనిలోనూ సరిగ్గా కరగదు, ఎన్‌ఎమ్‌ఆర్ తీయలేకపోతున్నాం. కొన్ని లిగాండ్లకు ఇది మామూలే. చుక్క పిరిడిన్ వైద్యం ఇక్కడా పనిచేస్తుంది.

ఇరిడియం పొడి పసుపు కాకుండా ముదురాకుపచ్చగా, బూడిదగా ఉంది. లవణం ఇంకా మిగిలింది, లేదా గాలి చొరబడి పక్కదారి పట్టింది. నీళ్లతో, ఇథనాల్‌తో బాగా కడిగి, డైక్లోరోమీథేన్‌లో కరిగించి వడపోయండి. వడకట్టిన ద్రావణం పసుపైతే మిగిలినది ఇరిడియం వ్యర్థాల సీసాలోకే.

క్రిస్టల్ రావడం లేదు. సన్నటి ట్యూబులో కింద డైక్లోరోమీథేన్ ద్రావణం, దాని మీద గోడ వెంట నెమ్మదిగా హెక్సేన్ పొర పోసి కదపకుండా వదిలేయండి. ఎండాకాలం ఇది బెంచీ మీద పెట్టొద్దు. పై మూత వదులైతే మధ్యాహ్నానికి డైక్లోరోమీథేన్ ఎగిరిపోయి పొడి మిగులుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజులు తలుపు తీయకుండా ఓపిక పట్టండి. డిసెంబరులో అయితే మన దగ్గర బెంచీ మీదే చక్కటి పసుపు పలకలు వస్తాయి.

8. మిగిలినవి సింకులో పోయొద్దు

సెలైట్ మీద ఆగిన నలుపు, వడపోత కాగితాలు, మదర్ లిక్కర్ (పొడి వడపోశాక మిగిలే ద్రావణం), పాడైన బ్యాచ్‌లు అన్నీ రెండు సీసాల్లోకి వెళ్లాలి. ఒకటి పల్లాడియానికి, ఒకటి ఇరిడియానికి. నల్లటి పల్లాడియం పొడిని ఎండిపోనివ్వొద్దు, మెథనాల్ తడి ఆరుతున్నప్పుడు గాలికి రాజుకోగలదు. నీళ్లతో తడిపి ఉంచండి. సీసా మీద తేదీ, లోహం, సుమారు తూకం రాయండి. సీసా నిండాక లోహాన్ని తిరిగి తీసేవాళ్లకు ఇస్తే కొంత డబ్బు వెనక్కి వస్తుంది. మా ల్యాబులో కొత్త స్టిర్ బార్లు అలాగే కొంటున్నాం.